ఐర్లాండ్ పల్లెల్లో రోజుల పట్టింపులు, పాడి, సాగు

ఐర్లాండ్ రైతులకు కూడా మనలాగా మంచి రోజు, చెడ్డ రోజు అన్న పట్టింపులు ఉన్నాయా అని మీరు అడిగారు. ఉన్నాయి; అయితే వారు తిథి, నక్షత్రాలను కాక క్రైస్తవ పునీతుల (సెయింట్ల) పండుగలను బట్టి చూసేవారు. యేసు పుట్టినప్పుడు హేరోదు రాజు చంపించిన పసిబిడ్డలను స్మరించుకునే డిసెంబరు 28 ఏ వారం నాడు వస్తే, ఆ వారం మరుసటి ఏడాదంతా కొత్త పనులకు కలిసిరాదని నమ్మేవారు.

ఉద్యోగరీత్యా నేను మేయో కౌంటీలో ఉంటున్నాను. పాడి కుటుంబంలో పుట్టిన మా పక్కింటి పెద్దావిడ ఫిబ్రవరి 1న వచ్చే, ఐర్లాండ్ పునీతురాలు బ్రిజిడ్ పండుగకు, తడి నేలలో పెరిగే తుంగ కోయించి, ఒక్కొక్క కాడను మధ్యకు మడిచి పక్కదాని మీదుగా తిప్పుతూ నాలుగు చేతుల సిలువ అల్లి, కొనలను దారంతో బిగించి కొట్టం గుమ్మం మీద పెడతారు. ముందు రాత్రి ఆరుబయట ఉంచిన గుడ్డను, ఆవు ఈనడానికి కష్టపడుతుంటే దాని వీపు మీద కప్పేవారని కూడా ఆవిడే చెప్పారు.

అన్నిటికన్నా గట్టి పట్టింపు మే 1ది. ఆ రోజు పాలు, వెన్న, పొయ్యిలోని నిప్పు గడప దాటనిచ్చేవారు కాదు; దాటితే ఏడాదంతా ఎంత చిలికినా వెన్న పడదని భయం. దీపాలు పెట్టాక పెరుగు బయటికివ్వని ఇంట్లో పెరిగిన నాకు ఇది వింతగా తోచలేదు. కొత్త గడ్డి మేసి ఆవులు బాగా పాలిచ్చే కాలం అప్పుడే మొదలవుతుంది, వెన్న అమ్మిన డబ్బుతో కౌలు కట్టుకునే ఇళ్లకు ఆ భయం సహజమే.

వాతావరణం మీద ఉన్న నమ్మకాల్లో నాకు బాగా నచ్చింది చారల ఆవు కథ. మార్చి తనను చంపలేకపోయిందని ఆ ఆవు గొప్పలు పోతే, మార్చి ఏప్రిల్ దగ్గర మూడు రోజులు అప్పు తీసుకుని, చలిగాలులతో దాన్ని చంపిందట. ఎండ కాసింది కదా అని పశువులను తొందరపడి బయటికి తోలవద్దన్న హెచ్చరిక అందులో ఉందని నా అభిప్రాయం. అలాగే జూలై చివరి ఆదివారానికి ముందు కొత్త బంగాళదుంపలు తవ్వడం చేతకాని సేద్యానికి గుర్తుగా చూసేవారు; పాత దుంపలు అయిపోయే ఆ నెలలో పేద ఇళ్లు పస్తులతో గడిపేవి.

ఇంకా తెలుసుకోవాలనుకుంటే, 1937-39 మధ్య బడిపిల్లలు ఇంటి పెద్దలను అడిగి రాసిన జానపద సేకరణను ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు.