తెలుక్ ఇంతాన్‌లో వంటన్‌మీ, సియూ యుక్ ఎలా తినాలి?

సొంత ఊరికి వెళ్లినప్పుడు తప్పకుండా తినే చోటు ఏది, అక్కడ ఏమి తీసుకోవాలి అని అడిగారు. నాది మలేషియాలోని పేరా రాష్ట్రం, తెలుక్ ఇంతాన్. బిర్యానీలు, పెసరట్ల గురించి చెప్పేవారికి కొదవ ఉండదు కాబట్టి నేను మా ఊరి చైనీయుల కొట్టు సంగతి చెబుతాను. అక్కడ దొరికేవి ప్రధానంగా రెండే: సూపు పోయకుండా కలిపి ఇచ్చే నూడుల్స్ (వంటన్‌మీ), బొగ్గుల సెగ మీద కాల్చిన పంది మాంసం (సియూ యుక్). పంది మాంసం ముట్టనివారు ఇక్కడితో ఆపేసినా నేనేమీ అనుకోను.

విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి చాలా కుటుంబాలు దిగువ పేరాలోని తోటల్లో కూలి పనికి వచ్చాయి. మా ముత్తాత దిగింది బాగాన్ డాతో దగ్గర కొబ్బరి తోటలో. తోటల వాళ్లకు టౌను అంటే తెలుక్ ఇంతానే. 1982 దాకా దాన్ని తెలుక్ ఆన్సన్ అనేవారు. ఊరి నడిబొడ్డున వాలు గోపురం ఉంటుంది. 1885లో లియోంగ్ చూన్ చోంగ్ అనే గుత్తేదారు నీళ్ల ట్యాంకు కోసం కట్టాడు. బయటి నుంచి ఎనిమిది అంతస్తులనిపిస్తుంది, లోపల ఉన్నవి మూడే. పర్యాటకులు దాని ముందు ఫొటోలు దిగి, ఎండు రొయ్యలు వేసిన చీ చోంగ్ ఫన్ (బియ్యప్పిండి చుట్టలు) పొట్లాలు కట్టించుకుని వెళ్లిపోతారు. అది బాగుండదని కాదు. కానీ ఊరికి వెళితే పొద్దున్నే నా కాళ్లు లాక్కెళ్లేది మరో వీధికి.

కొట్టు పేరు చెప్పను. బోర్డు ఎప్పుడో వెలిసిపోయింది, మా ఇంట్లో దాన్ని 'మూల కొట్టు' అంటాం. నాయనమ్మ పంది మాంసాన్ని గడప దాటనిచ్చేది కాదు. నాన్నకేమో అదంటే ప్రాణం. ఆదివారం పొద్దున్న మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి అక్కడే తినిపించి, చేతులూ మూతీ కడిగించి తీసుకొచ్చేవారు. నాయనమ్మకు తెలియదని మా నమ్మకం. మేము గేటు తీయగానే ఆవిడ వరండాలోంచి 'తౌకే బాగున్నాడా?' అని పలకరించేది. తౌకే అంటే అక్కడ వ్యాపారం నడిపే యజమాని; ఇక్కడ నూడుల్స్ బండి ఆయన. నాన్న జవాబు చెప్పకుండా నేరుగా పెరట్లోకి నడిచేవారు.

ఇక నూడుల్స్. హైదరాబాదులోనో విజయవాడలోనో నూడుల్స్ అంటే క్యాబేజీ, క్యాప్సికం వేసి పెద్ద మంట మీద ఎగరేసినవి. అవి నాకూ ఇష్టమే గానీ ఇది పూర్తిగా వేరు. ఇందులో వేపుడే ఉండదు. గుడ్డు, క్షారపు నీరు కలిపిన పిండితో తీసిన సన్నని పసుపు దారాలు అవి. ఆ క్షారం వల్లే వాటికి సాగే గుణం వస్తుంది, అది మిగిలిపోతే సబ్బు వాసనా వస్తుంది. అందుకే తౌకే గుప్పెడు నూడుల్స్ తీగ జల్లెడలో వేసి మరిగే నీళ్లలో ముంచుతాడు, కాసేపటికి తీసి చన్నీళ్ల బకెట్లో ముంచుతాడు, మళ్లీ వేడినీళ్లలో ఒక్క మునక వేయించి, మణికట్టు విసురుతో నీళ్లు దులిపేస్తాడు. చన్నీళ్లలో క్షారం వదులుతుంది, దారం బిగుస్తుంది. ఈ చన్నీళ్ల మునకను ఎగ్గొట్టే కొట్లు చాలా ఉన్నాయి. అక్కడ పళ్లెం సగం కూడా కాకముందే నూడుల్స్ ముద్ద కడతాయి.

పళ్లెంలో సాస్ ముందే సిద్ధంగా ఉంటుంది: చిక్కటి నల్ల సోయా, ఉప్పదనం కోసం పల్చటి సోయా, చుక్క నువ్వుల నూనె, కరిగించిన పంది కొవ్వు. సువాసన అంతా ఆ కొవ్వుదే. అది లేకుండా చేయమని అడిగేవాళ్లున్నారు, అడగకపోవడమే మంచిది. మలేషియాలోనే మరో రాష్ట్రం సారావాక్ వైపు ఇలాంటిదే కోలో మీ దొరుకుతుంది, దాంట్లో మామూలుగా నల్ల సోయా పోయరు, తెల్లగా ఉంటుంది. మా పేరా వాళ్లకు నలుపే కావాలి. పైన ఆకుకూర, తీపి పూత పూసి కాల్చిన పంది మాంసం, అంటే చార్ సియూ ముక్కలు. వంటన్లు (పల్చటి పిండి రేకులో మాంసం చుట్టిన చిన్న పొట్లాలు) మాత్రం చిన్న గిన్నెలో వేడి సూపుతో విడిగా వస్తాయి. పళ్లెం బల్ల మీద పెట్టగానే కింది నుంచి పైకి కలపాలి. ఫొటో తీస్తూ కూర్చుంటే తౌకే ముఖం చిట్లించడం నేను చూశాను.

పక్కన వెనిగర్‌లో ఊరిన పచ్చిమిరప చక్రాలు పెడతారు. మన వాళ్లు ఎర్ర కారం కోసం చూస్తారు గానీ, ఆ కొవ్వును కోయగలిగింది ఈ పులుపే. ఇంకో చెంచా అడిగితే ఊరికే వేస్తాడు.

కాల్చిన మాంసం బండి తౌకే తమ్ముడిది. సియూ యుక్ అంటే పొట్ట భాగం, చర్మంతో సహా. మాంసం వైపు ఉప్పు, అయిదు దినుసుల పొడి రాస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, సోంపు, సిచువాన్ మిరియాలు. చివరిది తప్ప అన్నీ మన పోపుల పెట్టె ఎరిగినవే. చర్మాన్ని గుత్తి సూదులతో పొడిచి, వెనిగర్, ఉప్పు పట్టించి రాత్రంతా ఆరబెడతారు. తేమ మిగిలితే చర్మం పొంగదు, రబ్బరులా సాగుతుంది. తెల్లవారుజామున నిలువు పీపాలో బొగ్గులు రాజేసి కొక్కేలకు వేలాడదీస్తారు. తర్వాత గుండ్రటి చెక్క మొద్దు మీద కత్తి పడినప్పుడు ముందు చర్మం విరిగే చప్పుడు వినిపించాలి. అది వినిపించని రోజు నేను చార్ సియూతోనే సరిపెట్టుకుంటాను, అంచు మాడిన ముక్క కావాలని చెప్పి మరీ.

మీరు వెళితే 'కొన్ లో' అనండి, సూపు లేకుండా ఇస్తారు. 'సియూ యుక్' విడిగా చిన్న పళ్లెంలో అడగండి. నూడుల్స్ మీద వేయిస్తే ఆవిరికి చర్మం మెత్తబడిపోతుంది. టీ, కాఫీలు కొట్టు యజమానివి, తిండి బండ్లు అద్దెకున్నవాళ్లవి, డబ్బులు విడివిడిగా ఇవ్వాలి. బల్ల దగ్గర కూర్చుని తాగడానికి ఏమీ తీసుకోకపోతే మర్యాదగా ఉండదు. పాలు లేని కాఫీ, అక్కడి మాటలో కోపి ఓ, ఈ తిండికి బాగా కుదురుతుంది. పెద్దవాళ్లను అంకుల్, ఆంటీ అంటే చాలు, ఏ భాష వాళ్లయినా అక్కడ అలాగే పిలుస్తారు.

పదింటికల్లా వెళ్లండి. మధ్యాహ్నానికి మిగిలేవి ఎముకలూ కొసలూ మాత్రమే. చైనీయుల కొత్త సంవత్సరానికి ఇలాంటి కొట్లు వరసగా రోజుల తరబడి మూసేస్తారు, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో ప్రయాణమైతే ముందు ఆ తేదీ చూసుకోండి.