ఆటలోకి ఎక్కు అమ్మాయ్, చుక్కాని మాత్రం ముట్టుకోకు

అమ్మాయ్,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పుకున్నదంతా విన్నాను. నేను నోరు తెరిచేలోపు నీ కుక్కరు కూతపెట్టింది, నువ్వు ఫోను పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరానికి కుక్కర్లు అడ్డం రావు.

బుజ్జిదానికి నాలుగేళ్ళు నిండినా ఒక చోట కుదురుగా కూర్చుని అక్షరాలు దిద్దదు, పొద్దస్తమానం గరిటెలు, గిన్నెలు, నీ పాత చున్నీ ముందరేసుకుని తనలో తనే మాట్లాడుకుంటుంది, స్కూలు మేడం డైరీలో రాసి పంపింది, పక్క ఫ్లాటు పిల్ల వంద దాకా గడగడా అప్పజెప్పేస్తోంది. ఇవీ నీ టెన్షన్లు. ట్యూషన్ పెట్టించనా అత్తా అని అడిగావు.

వద్దు. మొక్కై వంగనిది మానై వంగునా అని మీ అమ్మ అందట కదా. ఆ సామెత ఎవరు పుట్టించారో గానీ, కొబ్బరి మొక్కని వంచి పెంచిన రైతుని నేను కోనసీమలో ఇంతవరకూ చూడలేదని వదినకి నా మాటగా చెప్పు.

ముందు ఆ తనలో తను మాట్లాడుకోవడం సంగతి. దానికి నువ్వు భయపడ్డావు చూడు, నాకు నవ్వొచ్చింది. ఆ వయసు పిల్లలు ఆలోచించేది నోటితోనే. "ఇప్పుడు మూత పెట్టాలి, కాలుద్ది, జాగ్రత్త" అని తనకి తనే చెప్పుకుంటూ చేస్తుంది. ఆ మాటలే ఆరేడేళ్ళు వచ్చేసరికి మెల్లగా లోపలికి వెళ్ళిపోయి మనసులో ఆలోచనగా మారతాయి. ఈ ముక్క నేను అంగన్‌వాడీ ట్రైనింగులో విన్నాను. వైగోత్స్కీ అని రష్యా ఆయన చెప్పాడట. పాపం, 1934లో 37 ఏళ్ళకే పోయాడు. ఆటలో ఉన్నప్పుడు పిల్లలు తమకంటే ఒక తల ఎత్తు ఎక్కువుంటారని కూడా ఆయన మాటే. విన్న రోజున ఏదో పెద్దవాళ్ళ కబుర్లే అనుకున్నాను. తర్వాత నా కళ్ళతో నేనే చూశాను.

మా సెంటర్లో ఒక కుర్రాడు ఉండేవాడు. వాణ్ణి రెండు నిమిషాలు ఒక చోట కూర్చోబెట్టడం బ్రహ్మతరం కాదు. ఒకరోజు పిల్లలు లాకుల ఆట మొదలెట్టారు. కాలువ గట్టు ఊళ్ళ పిల్లలు కదా, పడవని కింది కాలువ నుంచి పై కాలువకి ఎక్కించే ఆ లాకుల గేట్లని పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉంటారు. ఇద్దరు చేతులు చాచి ఎదురెదురుగా నిలబడితే అదొక గేటు, ఇంకో ఇద్దరు రెండో గేటు, మధ్యలో పడవ. వీణ్ణి లాకు సూపర్నెంటుని చేశారు. వెనక గేటు మూసేదాకా ముందుది తెరవకూడదు, లోపల నీళ్ళు పై కాలువతో సమానం అయ్యేదాకా ఆగాలి. నీళ్ళు నిండుతున్నాయి, నిండుతున్నాయి అని పడవలో వాళ్ళు మెల్లగా మునివేళ్ళ మీద లేస్తుంటే, ఆ కుర్రాడు చెయ్యి పైకెత్తి కదలకుండా నిలబడ్డాడు. రెప్ప వెయ్యలేదంటే నమ్ము. నేను కుదురుగా కూర్చోమంటే కూర్చోనివాడు, సూపర్నెంటు కదలకూడదు కాబట్టి కదల్లేదు. రేపు పరీక్ష హాల్లో కూర్చోవాలన్నా, కోపం ఆపుకోవాలన్నా కావలసింది ఆ పట్టే. వాడు దాన్ని ఆటలో తెచ్చుకున్నాడు.

ఇలా చెబుతుంటే నేనేదో మొదటి నుంచీ తెలిసినదాన్నని అనుకునేవు. లేదమ్మా. 1985లో చేరిన కొత్తలో నేనూ నీ లాగే. ఒక పిల్ల మూలన కూర్చుని గుడ్డబొమ్మకి జ్వరం చూస్తోంది. నుదుటి మీద చెయ్యి పెట్టింది, తడిగుడ్డ వేసింది, కొబ్బరి ఈనెతో సూది పొడిచి "అయిపోయింది, అయిపోయింది" అని జోకొడుతోంది. నాలో టీచరు ఊరుకుంటుందా? పక్కన చతికిలబడి "ఈ బొమ్మ గౌను ఏ రంగు? దానికి వేళ్ళెన్ని?" అని అడిగాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి "ఎరుపు, అయిదు" అంది. బొమ్మని కింద పెట్టేసి లేచి పోయింది. రెండూ సరైన జవాబులే. ఆట మాత్రం అక్కడే చచ్చిపోయింది. జ్వరంతో ఉన్న బిడ్డ దగ్గరికి పరీక్ష పేపరు పట్టుకెళ్ళానని నాకు ఆ రాత్రి గానీ వెలగలేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. నీకు చెప్పదలచుకున్నది కూడా ఇదే. ఆటలోకి ఎక్కు, కానీ ప్యాసింజరులా ఎక్కు. చుక్కాని పిల్ల చేతిలోనే ఉండాలి. బుజ్జిది డాక్టరైతే నువ్వు బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లివి. "డాక్టరు గారండీ, రాత్రి నుంచి ఒళ్ళు కాలిపోతోందండీ, ఈ మందు ఎన్నిసార్లు వెయ్యమంటారండీ?" అని అడుగు. "మూడుసార్లు. అన్నం తిన్నాక" అంటుంది. "మధ్యాహ్నం మర్చిపోతే ఏం చెయ్యాలండీ?" అను. ఇప్పుడు ఆలోచిస్తుంది చూడు. అంకె వచ్చింది, వేళ వచ్చింది, అప్పటిదాకా తన దగ్గర లేని జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. పైగా మాట్లాడేది మన పిల్లలా కాదు, డాక్టరులా. ఎదుటి మనిషి మనసులో దూరి చూడటం అలాగే అలవాటవుతుంది. నువ్వేమీ నేర్పక్కర్లేదు. తప్పు చెబితే దిద్దక్కర్లేదు. పడవ ఆకాశంలో ఎగిరిందంటే ఎగరనీ. "పైనుంచి మన ఇల్లు కనపడుతోందా?" అని అడుగు, చాలు.

పిలవకపోతే అసలు ఎక్కకు. గుమ్మం దగ్గర కూరగాయలు తరుక్కుంటూ చూస్తూ ఉండు. అదీ పనే.

ఇంకో మాట. బుజ్జిది బొమ్మల్ని తిడుతోంది, కొడుతోంది, దాని ఆట చూస్తే భయమేస్తోంది అన్నావు. నవంబర్ వచ్చిందంటే నాకు 1996 గుర్తొస్తుంది. ఆరో తారీఖు రాత్రి తుఫాను. నువ్వు అప్పటికి పాకుతున్నావు, మీ నాన్న నిన్ను దుప్పట్లో చుట్టి బల్ల కింద పెట్టాడు. తెల్లారేసరికి తోటలకు తోటలు నేలమట్టం. మా సెంటరు పెంకులు ఒక్కటి మిగల్లేదు, రామాలయం అరుగు మీద నడిపాను కొన్నాళ్ళు. పిల్లలు ఆ అరుగు మీదే తుఫాను ఆట మొదలెట్టారు. ఒకడు గాలి. మిగతావాళ్ళు కొబ్బరి చెట్లు. గాలి ఊ... అంటూ వచ్చి ముట్టుకుంటే చెట్టు పడిపోవాలి, పడిన చెట్టు లేవకూడదు. ఒక చిన్నవాడు గుడి స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుని "నేను పడని చెట్టుని" అని ఒకటే ఏడుపు.

అపశకునం, ఆ ఆట ఆపండర్రా అని ఊళ్ళో ముసలివాళ్ళు కేకలేశారు. నేనూ కేకలేశాను. వాళ్ళు ఆపలేదు, గుడి వెనక్కి వెళ్ళి ఆడుకున్నారు. రోజూ అదే ఆట, రోజూ అందరూ పడిపోవడమే. రెండు మూడు వారాలు గడిచాక ఎవరో కరెంటు మనిషి వచ్చాడు ఆటలోకి. వాడు ముట్టుకుంటే పడిన కరెంటు స్తంభం లేస్తుంది. ఆ తర్వాత చెట్లు కూడా లేవడం మొదలెట్టాయి. ఎవరూ నేర్పలేదు. సంక్రాంతి వచ్చేసరికి ఆ ఆట దానంతటదే పోయింది. ఆ రాత్రి నిజం గాలిని ఎవరూ ఆపలేకపోయారు. అరుగు మీది గాలిని మాత్రం "తూచ్" అంటే ఆపొచ్చు. అందుకే అన్నిసార్లు ఆడారు. బుజ్జిది బొమ్మని తిడుతుంటే ఆపకు, ఎవరి మాటల్తో తిడుతోందో విను. అది స్కూలు మేడం గొంతా, నీ గొంతా అన్నది నీకే తెలుస్తుంది. (నా గొంతయితే నాకు చెప్పక్కర్లేదు.)

అలాగని అన్నీ ఆటే అని వదిలెయ్యమనడం లేదు. రెండున్నరేళ్ళు దాటినా ఉత్తుత్తి గ్లాసులో నీళ్ళు తాగినట్టు కూడా ఆడని పిల్ల, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని పిల్ల ఉంటే పిల్లల డాక్టరుకి చూపించాలి. బుజ్జిదానికి ఆ బెంగ లేదు. దానికున్నది కథలు ఎక్కువవడమే.

ఇక చదువు మాట. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. ఆటల్లో పెట్టి, పనుల్లో పెట్టి నేర్పమంది. కాయితం మీద అలా ఉంది. డైరీలో ఇంకోలా రాస్తున్నారు. మేడంతో గొడవ పడకు, ఆవిడ మీద ఎవరి ఒత్తిడి ఉందో. ఇంట్లో మాత్రం నీ ఇష్టం నీది.

అల్లుడుగారు రొయ్యల చెరువుల మీద నుంచి వచ్చాక బుజ్జిది శనగలు పళ్ళెంలో పోసుకుని "ముప్పై కౌంటు, ముప్పై కౌంటు" అని అరుస్తోందని నవ్వుతూ చెప్పావు చూడు, అసలు సంగతి అక్కడుంది. పెద్దాణ్ణి కూడా అందులోకి లాగు. రెండు కొబ్బరి చిప్పలకి పురికొస కట్టి కర్రకి వేలాడదియ్యి, తక్కెడ అయిపోతుంది. ఒక చిప్పలో ఇరవై బఠాణీలు, రెండో చిప్పలో కాబూలీ శనగలు. సమానంగా తూగడానికి శనగలు ఎన్ని పట్టాయో లెక్కపెట్టమను. బఠాణీల కంటే తక్కువే పడతాయి. కేజీకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఎనిమిదేళ్ళవాడికి భాగహారం ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు? వాళ్ళ నాన్నని రేటు చెప్పమను. బేరం ఆడితే ఇంకా మంచిది. ఆయనకి రాత్రి పదిహేను నిమిషాలు చాలు. ఫోను పక్క గదిలో పెట్టి రమ్మను, అంతే.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించి తెర వద్దని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజులో మొత్తం మీద మూడు గంటలన్నా ఒళ్ళు కదిలించాలని కూడా చెప్పింది. నువ్వు మొదటిది పట్టుకుని రెండోది వదిలేశావు. మీ ఫ్లాటు మెట్లున్నాయి కదా, తొక్కుడుబిళ్ళకి మేడ మీద డాబా ఉంది కదా.

బొమ్మలు కొనడం ఆపు. నీతోపాటు పని చెయ్యనియ్యి. చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యడం దానికి ఇవ్వు. పొడుగువి ఒక పక్క, పురుగువి ఒక పక్క పెడుతుంది. ఉతికిన సాక్సులు జత చెయ్యమను. పని రెట్టింపు అవుతుంది, ఆ మాట అబద్ధం చెప్పను. నీకు అరగంటలో అయ్యేది గంట పడుతుంది. రోజూ వద్దు, ఆదివారాలు చెయ్యి.

ధనుర్మాసం వస్తోంది. వీలుంటే సంక్రాంతికి వారం పది రోజులు ముందే పిల్లల్ని పంపు. భోగి పిడకలు చేయించాలి. ఇప్పుడవి ఆన్‌లైన్లో కూడా అమ్ముతున్నారట, ఇంకేం వినాలో. మా ఎదురింట్లో ఆవు ఉంది, పేడకి లోటు లేదు. గారెలంత చిన్నవి చేసి మధ్యలో వేలితో చిల్లు పెట్టాలి. మొదటి రోజు బుజ్జిది ముక్కు మూసుకుంటుంది, రెండో రోజు మోచేతుల దాకా పూసుకుంటుంది. తడి ఎక్కువైతే చిల్లు పూడిపోతుంది, తక్కువైతే అంచు చీలిపోతుంది. అది ఎవరూ చెప్పక్కర్లేదు, వేలే చెబుతుంది. ఎండాక తాడుకి గుచ్చేటప్పుడు లెక్క. తన దండ అన్న దండ కంటే పొట్టిగా ఉందా, ఎన్ని తక్కువ, ఎన్ని రోజులున్నాయి, రోజుకెన్ని చెయ్యాలి, ఈ గొడవంతా వాళ్ళే పడతారు. నువ్వు వంద అప్పజెప్పించాలని చూస్తున్నావు, ఆ పిల్ల వందో పిడక కోసం ఏడుస్తుంది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళదాం. వెదురుతో కట్టి ఊరేగించే పదకొండు రుద్రుల ప్రభలు చూసొచ్చాక పెద్దాడు వెదురు పుల్లలతో, రంగు కాయితాలతో ప్రభ కట్టకపోతే నన్నడుగు.

ఒక్క జాగ్రత్త. మూడేళ్ళ లోపు పిల్లలు ఇంటికొస్తే చింతపిక్కలు, బఠాణీలు అందకుండా పెట్టాలి, గొంతుకి అడ్డం పడతాయి. మా ఇంటి ముందు కాలువ నీకు తెలుసు. కాయితం పడవలు వెయ్యాలంటే పెద్దవాళ్ళు చెయ్యందే దూరంలో ఉండాలి. ఆ విషయంలో నేను ప్యాసింజర్ని కాదు, పోలీసుని.

వచ్చేటప్పుడు చించినాడ వంతెన మీదుగా కారులో రాకండి. నరసాపురం దాకా వచ్చి గోదారి దాటించే పంటు పడవ ఎక్కండి. కిందటిసారి వచ్చి వెళ్ళాక బుజ్జిది నెల రోజులు కుర్చీలు వరసగా పెట్టి పంటు ఆట ఆడిందన్నావు కదా, ఈసారి టిక్కెట్లు దాని చేతే కొనిపించు. డబ్బాలో చిల్లర పోసి ఇవ్వు. బొమ్మలేమీ కొని తేవద్దు, నీ పాత చీరలు రెండు తే, జామ చెట్టు కింద గుడారానికి పనికొస్తాయి. సఖినేటిపల్లి రేవులో మీ మామయ్య ఉంటాడు. పంటు ఒడ్డుకి తగిలేదాకా బుజ్జిదాని చెయ్యి వదలకు.

మీ అత్త