అమ్మాయి కెమెరాకీ లేజర్‌కీ టైమ్ కలుపుతోంది, పనికొస్తుందా?

కావలి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది. తోటి పిల్లలంతా ఏఐ కోర్సులకి పోతుంటే ఈమె గుండ్రంగా తిరిగే లేజర్ స్కానర్‌కీ కెమెరాకీ టైమ్ కలపాలంటూ రాత్రి ఏడింటిదాకా కాలేజీ ల్యాబ్‌లోనే ఉంటోంది. ఆరు నెలలైంది. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో లక్షన్నర కట్టి ఏఐ కోర్సులో చేరాడు. ఈమెనూ చేర్పించమంటున్నారు. పదిహేనో తారీకులోపు ఫీజు కట్టాలి. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి సార్."

పోల్చి చెప్తాను గానీ, ముందు ఒక మాట. మీ ఉత్తరంలో బావమరిది ఉన్నారు, ఆయన కొడుకు ఉన్నాడు, ఫీజు గడువు ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి, కోర్సు పేరే మారుతుంది. అడిగేది చదువు గురించే అయినా, లోపలున్న టెన్షన్ వేరు: "మావాళ్ల పిలకాయలు ముందుకు పోయారు, మా పాప వెనకబడింది" అని రేపు పెళ్లిళ్లలో వినాల్సొస్తుందేమోనని. అది మీ టెన్షన్. ఆమె మీద పెట్టకండి.

ఇంతకీ ఆమె ఏం చేస్తోందో ఎప్పుడైనా అడిగారా? నేను చెప్తాను. ఆ స్కానర్‌ని లైడార్ అంటారు. చుట్టూ ఉన్నవి ఎంత దూరంలో ఉన్నాయో లేజర్‌తో కొలుస్తుంది, డ్రైవర్ లేని కార్లకి కళ్లలా వాడతారు. మామూలుగా సెకనుకు 10 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్కో చుట్టుకి 100 మిల్లీసెకన్లు. కెమెరా తన ముందున్నదంతా ఒక్క క్లిక్‌లో తీస్తుంది. లేజర్ అలా కాదు, లైట్‌హౌస్ దీపంలా ఒక్కో దిక్కునీ ఒక్కో క్షణంలో చూస్తుంది. కావలి బైపాస్‌లో ఒక బైకు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో రోడ్డుకి అడ్డంగా పోతోందనుకోండి. సెకనుకు 10 మీటర్లు. ఫొటోకీ లేజర్ కొలతకీ 50 మిల్లీసెకన్ల తేడా వస్తే బైకు అప్పటికే అర మీటరు జరిగిపోయింది. ఫొటోలో మనిషి ఒకచోట, లేజర్ చుక్కలు పక్కనున్న ఖాళీలో. దీన్ని నమ్మి బండి నడిపితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకే లేజర్ సరిగ్గా కెమెరా చూసే వైపు మధ్యకి వచ్చినప్పుడు కెమెరా క్లిక్‌మనేట్టు ట్రిగ్గర్ ఇస్తారు. అదీ అంత సులువు కాదు. 90 డిగ్రీలు చూసే కెమెరా అయితే అంత మేరా తిరగడానికి లేజర్‌కి 25 మిల్లీసెకన్లు పడుతుంది, అంచుల్లో ఎలాగూ కొంత తేడా మిగులుతుంది. వెలుతురు తగ్గితే కెమెరా ఎక్స్‌పోజర్, అంటే వెలుతురు పట్టుకునే సమయం, సాగుతుంది, అప్పుడు దాని మొదలు కాదు, నడిమధ్య క్షణం కలవాలి. ఇక కంప్యూటర్ వేసే టైమ్‌ని నమ్ముకుంటే, ఉత్తరం అందిన తారీకు చూసి రాసిన తారీకు ఊహించినట్టే. దారిలో ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. అందుకే జీపీఎస్ నుంచి సెకనుకొకసారి వచ్చే పల్స్‌తో రెండు పరికరాల గడియారాలూ కలుపుతారు. ఆరు నెలలు పట్టిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఆ లక్షన్నర కోర్సు. చాలా కోర్సుల్లో జరిగేది ఒకటే: ఎవరో తయారు చేసిన డేటా దించుకుని, ఎవరో తయారు చేసిన మోడల్ నడిపి, సర్టిఫికెట్ పుచ్చుకోవడం. అలా దించుకునే వాటిలో పేరున్న 'కిట్టి' డేటా, కారు మీద కెమెరాలూ లైడారూ పెట్టి రోడ్ల మీద తీసింది, 2012లో జర్మనీలోని కార్ల్స్‌రూయెలో వచ్చింది. అందులో లైడార్ అడుగున ఒక చిన్న అయస్కాంతపు స్విచ్, తలుపు అలారంలో ఉండేలాంటిదే, అమర్చారు. లేజర్ ముందువైపు తిరిగినప్పుడల్లా అది కెమెరాల్ని క్లిక్‌మనిపించేది. అంటే మీ మేనల్లుడు కోర్సులో తేరగా వాడుకునే డేటా వెనక మీ అమ్మాయి చేసే పనే ఉంది. అతన్ని తక్కువ చేయడం లేదు. లెక్కలు గట్టిగా ఉండి, పునాది నుంచి నేర్చుకుంటే ఏఐ మంచి చదువే. మూడు నెలల్లో ఉద్యోగం అనే బోర్డు చూస్తేనే నాకు నమ్మకం కుదరదు. కొన్నేళ్ల కిందట ఒంగోలు కుర్రాడొకణ్ణి బ్లాక్‌చైన్ కోర్సుకి పొమ్మని నేనే చెప్పాను. గాలి ఎటు వీస్తే అటు చెప్పాను. అతను వడ్డీ కట్టుకుంటూ వేరే పని వెతుక్కోవాల్సొచ్చింది. ఆ తప్పు నాదే.

మీ అమ్మాయి దారిలోనూ లోపాలున్నాయి. డ్రైవర్ లేని కార్ల ఉద్యోగాలు మన దేశంలో తక్కువ, ఉన్నవి బెంగళూరు, హైదరాబాద్, పుణె వైపు. తిరిగే భాగం లేని లైడార్లు వచ్చేశాయి, టెస్లా అయితే తన కార్లలో కెమెరాల మీదే ఆధారపడుతోంది. కాబట్టి లైడార్ పేరునే పట్టుకుని కూర్చోకూడదు. కానీ ఆమె చేతికి వచ్చేది రెండు పరికరాలకి ఒకే టైమ్ చూపించే విద్య. చీమకుర్తి క్వారీలో తవ్విన గుంతని డ్రోన్‌తో కొలవాలన్నా, రేవులో క్రేన్‌కి కళ్లు పెట్టాలన్నా, ఫ్యాక్టరీలో రోబో నడపాలన్నా అదే కావాలి. సీ లాంగ్వేజ్, లినక్స్ మీద పట్టు పెంచుకోమనండి. టైమ్ కలపక ముందూ, కలిపాకా తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి నాలుగు పేజీల్లో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ రెండు ఫొటోల మీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. గేట్ రాయాలో లేదో ఆమెనే తేల్చుకోనివ్వండి.

ల్యాబ్‌లో ఏడు దాటితే భయమైతే బస్సు సంగతి కాలేజీతో మాట్లాడండి. అంతేగానీ ల్యాబ్ మాన్పించకండి. ఈసారి ఆమె ఇంటికొచ్చినప్పుడు "ప్లేస్‌మెంట్ ఏమైంది" అనకుండా ఆ ఫొటోలు చూపించమని అడగండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి, ఆమె విసుక్కోదు. పదిహేనో తారీకంటారా, దాటిపోనివ్వండి.