ఉదయపు నడక పది రోజులకే ఆగిపోతుంటే
ఉదయం 5 గంటలకు అలారం మోగినా లేవలేకపోతున్నానని మీరు రాశారు. దానికి కారణం బద్ధకం కాదు, ఆఫీసు పని ముగించడానికి రాత్రి 7 గంటలకు తాగుతున్న కాఫీయే కావచ్చు. కాఫీలో ఉండి నిద్ర పట్టనివ్వని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది కనుక, అర్ధరాత్రి మీరు పక్క మీద దొర్లుతున్నప్పుడు కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

1. కాఫీ, టీలను మధ్యాహ్నం 2 గంటలకే ఆపండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: ఒక్కసారిగా ఉదయం 7 నుంచి 5కు దూకకుండా, మూడు రోజులకొకసారి 15 నిమిషాల చొప్పున ముందుగా లేస్తూ 6 గంటల దగ్గర ఆగండి. ఆదివారం కూడా అదే సమయానికి లేచి, తెల్లవారగానే డాబా మీదికో వాకిట్లోకో వెళ్లి పది నిమిషాలు వెలుతురులో ఉండండి. నిద్రవేళను సరిదిద్దేది ముఖ్యంగా ఆ వెలుగే.

3. నడక బూట్లను రాత్రే గుమ్మం పక్కన పెట్టుకోండి.