ఒక్క లోయ, రెండు రోజులు: మా అక్క కొడుక్కి ఉత్తరం

చి. వంశీకి,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. శనివారం పొద్దున టూరిన్‌లో బయల్దేరి మధ్యాహ్నానికి స్ట్రోప్పియా జలపాతం, సాయంత్రం కొండ మీది ఎల్వా ఊరు, ఆదివారం కొండ దాటి పక్కనున్న వరైతా లోయ, రాత్రికి హాస్టల్. ఇటలీ ఆల్ప్స్ కొండల్లోని ఈ మైరా లోయ మొత్తం నలభై అయిదు కిలోమీటర్లే కదా, ఎంతసేపు అనుకుని ఉంటావు. అవన్నీ మెలికలే నాన్నా. నలుగుర్నీ కారులో కుదేసి తిప్పుకొస్తే వాంతులు తప్ప ఏమీ గుర్తుండవు. సగం కొట్టెయ్యి.

ముందుగా జలపాతం కొట్టెయ్యి. అది మంచు కరిగే మే, జూన్ నెలల్లో చూడాల్సింది. మీరు వెళ్ళే సెప్టెంబరు ఆఖరుకి బండ మీద తడి చార కనిపిస్తే అదృష్టం. నువ్వు చూసిన రీల్ ఎండాకాలం మొదట్లో తీసిందే అయ్యుంటుంది. వరైతా లోయకు ఇంకో వారాంతం పెట్టుకో. ఈసారికి మైరా లోయలోనే ఉన్న స్ట్రోప్పో అనే ఊరి నుంచి ఎల్వాకి నడిచి వెళ్ళి, రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు నడిచే వెనక్కి రండి. అంతే.

కారు ఎవరు నడుపుతారు? ఇండియా లైసెన్సు, దానితోపాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉన్నా, ఇక్కడ రెసిడెన్సీ వచ్చి ఏడాది దాటితే అది చెల్లదు. మీలో దాటినవాళ్ళు స్టీరింగ్ ముట్టుకోవద్దు. అలాంటివాళ్ళే ఉంటే కూనెయో దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణుంచి లోయ మొదట్లో ఉన్న ద్రోనేరోకి బస్సు పట్టుకోండి. లోయలోకి వెళ్ళే బస్సు టైములు ముందే చూసుకోండి, ఆదివారం మాత్రం బస్సును నమ్ముకోవద్దు.

ద్రోనేరోలో ఓ అరగంట ఆగండి. 1428లో కట్టిన వంతెన ఉంది, దెయ్యం వంతెన అంటారు. దాని మీద కోటగోడల అంచున ఉండే దంతాల్లాంటి రాళ్ళ వరస ఉంటుంది, కింద మైరా నది. కాఫీ, బ్రెడ్డు, జున్ను, పళ్ళు అక్కడే కొనుక్కోండి, పైన కొట్లు దొరకడం కష్టం. ఏటీఎంలో డబ్బు కూడా అక్కడే తీసుకో. ద్రోనేరేజి అని చాక్లెట్ మిఠాయి అమ్ముతారు. లోపల రమ్ము ఉంటుంది, మీ స్నేహితుడు ముట్టడన్నావుగా, నోట్లో వేసుకునే ముందే చెప్పు. మీ బాబాయికి నేను చెప్పడం మర్చిపోయాను, ఇప్పటికీ దెప్పుతారు.

స్ట్రోప్పోలో కారు పెట్టి నడక మొదలుపెట్టండి. కొండ కొమ్ము మీద సాన్ పేయ్రే గుడి ఉంటుంది, పాత రాతి చర్చి. దూరం నుంచి చూస్తే మన మంగళగిరి గుర్తొస్తుంది, మెట్లు మాత్రం ఉండవు. అక్కణ్ణుంచి సుమారు 1870 మీటర్ల ఎత్తులో ఉన్న సాన్ జొవాన్ని కనుమ దాటి ఎల్వాలో దిగుతారు. ఊరు 1637 మీటర్ల ఎత్తులో ఉంది. నాలుగైదు గంటలు పడుతుంది. పొద్దున తొమ్మిదికల్లా కాలు కదిపితే హాయిగా చేరతారు.

దారి గుర్తులు రాళ్ళ మీద, చెట్ల మీద ఎరుపు తెలుపు చారలుగా ఉంటాయి. పది నిమిషాలు నడిచినా చార కనిపించలేదంటే ఆగి, ఆఖరుసారి చూసిన చోటికి వెనక్కి వెళ్ళండి. ఫోనులో నీలం చుక్కను నమ్మి "అడ్డంగా దిగిపోదాం" అనుకోవద్దు. మేమిద్దరం ఒకసారి అలా దిగి గంటన్నర ముళ్ళల్లో ఇరుక్కున్నాం. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరం 'ఈ' (E) అని ఉంటే మామూలుగా నడిచేవాళ్ళ దారి, 'ఈ ఈ' (EE) అని రెండుసార్లు ఉంటే అలవాటున్నవాళ్ళది, మీది కాదు. ఏదైనా జరిగితే 112. కొన్ని మలుపుల్లో సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎల్వాలో గది తీసుకున్నవాళ్ళకి ఏ దారిన వస్తున్నారో, ఎన్నింటికి వస్తారో ముందే చెప్పి పెట్టు.

కుక్కల సంగతి జాగ్రత్తగా చదువు, మీరంతా నవ్వేసి వదిలేస్తారని తెలుసు. ఆల్ప్స్ పడమటి వైపుకి తొంభైల నుంచి తోడేళ్ళు తిరిగొచ్చాయి. అందుకని గొర్రెల మందల్లో పెద్ద తెల్ల కుక్కల్ని పెట్టుకుంటారు. కాపరి కనిపించకపోయినా కుక్క ఉంటుంది. మందని చూడగానే ఫోటోల కోసం దగ్గరికి పోకుండా, బాగా దూరంగా చుట్టు తిరిగి వెళ్ళండి. కుక్క మొరుగుతూ వస్తే పరుగెత్తొద్దు, కర్ర ఎత్తొద్దు, కళ్ళల్లోకి చూడొద్దు. ఆగి, నెమ్మదిగా మాట్లాడుతూ, అది శాంతించాక వెనక్కి తగ్గండి. మన ఊళ్ళో రాయి తీసినట్టు వంగితే మాత్రం పని అయిపోయినట్టే.

వేట సీజన్ కూడా అప్పుడే. నల్ల జాకెట్లు వదిలేసి ఎర్రవో నారింజవో వేసుకోండి. పుట్టగొడుగులు కనిపిస్తే కోయొద్దు, ఈ పీడ్‌మోంట్ ప్రాంతంలో దానికి డబ్బు కట్టి అనుమతి తీసుకోవాలి, పైగా ఏది విషమో మనకి తెలియదు.

తిండి. పల్లెల్లో మధ్యాహ్నం వంట పన్నెండున్నర నుంచి రెండింటి దాకానే. మొదటిసారి మేం రెండున్నరకి చేరి బిస్కెట్లు తిని కూర్చున్నాం. రాత్రి భోజనం ఏడు, ఏడున్నర, అందరికీ ఒకేసారి. మీలో ఇద్దరు శాకాహారులని గది బుక్ చేసేటప్పుడే ఫోనులో చెప్పు, గుమ్మంలోకి వెళ్ళాక కాదు. "సెన్సా కార్నే, సెన్సా పేషే", అంటే మాంసం వద్దు, చేప వద్దు అని రెండూ చెప్పాలి, ఎందుకంటే చేప మాంసం కాదని వీళ్ళ లెక్క. పొలెంటా అంటే మన మొక్కజొన్న సంకటే, కానీ పక్కన మాంసం పులుసు పోసి తెస్తారు, జున్నుతో అడగండి. బాన్యా కౌదా అని గిన్నెలో వేడి వేడిగా, చుట్టూ కూరగాయ ముక్కలు పెట్టి ఇస్తారు, చూడ్డానికి పూర్తి శాకాహారం. అది వెల్లుల్లి, నూనె, ఉప్పు నెత్తళ్ళు కలిపి మరిగించింది.

సముద్రానికి ఇంత దూరంలో నెత్తళ్ళు ఎక్కడివని అడుగుతావు. ఈ లోయలో చెల్లె ది మాక్రా అనే ఊరివాళ్ళు పొలం పనులు అయిపోయాక, చలికాలమంతా బండ్లు లాక్కుంటూ మైదానం ఊళ్ళల్లో ఉప్పు నెత్తళ్ళు అమ్మేవారు. పన్ను తప్పించుకోవడానికి ఉప్పు మీద చేపలు పరిచి దొంగచాటుగా తెచ్చేవారనీ, అలా మొదలైందనీ కథ చెప్తారు. నిజమో కాదో గానీ, చెప్పేవాళ్ళు బాగా చెప్తారు.

ఎల్వావాళ్ళది ఇంకా చిత్రం. వాళ్ళు అమ్మింది జుట్టు. శీతాకాలంలో మగవాళ్ళు ఉత్తర ఇటలీ పల్లెలు తిరిగి పేద ఆడవాళ్ళ దగ్గర జడలు కొని తెచ్చేవారు. ఊళ్ళో ఆడవాళ్ళు వాటిని కడిగి, దువ్వి, రంగును బట్టీ పొడవును బట్టీ వేరు చేసి కట్టలు కట్టేవారు. అవి విగ్గుల కోసం పారిస్, లండన్ దాకా వెళ్ళేవి. తిరుపతిలో ఇచ్చిన తలనీలాలు వేలంలో పోయి విగ్గులవుతాయని మనకి తెలుసు కదా, ఇక్కడి కథ విన్నప్పుడు నాకు అదే తట్టింది. కాకపోతే అక్కడ మొక్కు, ఇక్కడ ఆకలి. దీని మీద ఊళ్ళో చిన్న మ్యూజియం ఉంది. తలుపు ఎప్పుడు తెరుస్తారో గది ఇచ్చినవాళ్ళని అడుగు.

ఎల్వా చర్చిలోకి తప్పకుండా వెళ్ళు. హాన్స్ క్లెమెర్ అనే చిత్రకారుడు అయిదు వందల ఏళ్ళ క్రితం గోడంతా శిలువ ఘట్టం వేశాడు. పేరు తెలియనంత కాలం ఆయన్ని 'ఎల్వా మాస్టర్' అనే పిలిచేవారు. టోపీ తియ్యి, ఫ్లాష్ వేయకు, ఓ పది నిమిషాలు కూర్చో.

ఒకప్పుడు వెయ్యి మంది దాటిన ఎల్వాలో ఇప్పుడు వందమంది కూడా లేరు. నాపరాళ్ళ కప్పులు కూలిన ఇళ్ళు చాలా కనిపిస్తాయి. వాటిల్లోకి దూరి ఫోటోలు దిగొద్దు. ఇళ్ళు ఖాళీగా ఉన్నా ఎవరో ఒకరివి, కొందరు ఎండాకాలంలో తిరిగొస్తుంటారు. దారిలో ఎవరు ఎదురైనా ముందు నువ్వే "బోన్ జోర్నో" అను, టూరిన్‌లో లాగా తల దించుకుని పోకు. పెద్దవాళ్ళు తమలో తాము ఆక్సితాన్ భాష మాట్లాడుకుంటారు, ఇటాలియన్‌లా వినిపించదు, కంగారుపడకు. "ఇండియా నుంచి" అంటే కూర్చోబెట్టి కబుర్లు చెప్తారు. నాకు ఒక పెద్దావిడ ఇచ్చిన జున్ను ముక్క రుచి కంటే, మా ఊళ్ళో ఎన్ని గేదెలున్నాయని ఆవిడ అడిగిన తీరు ఎక్కువ గుర్తుంది.

సామాన్లు ఎక్కువ వద్దు. మడమ పట్టే బూట్లు, వాన జాకెట్, చలికి ఒక స్వెటర్, టార్చి, మనిషికి లీటరున్నర నీళ్ళు. ఊరి కుళాయి మీద 'నోన్ పొతాబిలె' అని రాసుంటే తాగొద్దు. శనివారం మధ్యాహ్నానికి పులిహోర కట్టుకో, వేడి చెయ్యక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం ఆర్పా పీడ్‌మోంట్ వాతావరణ బులెటిన్ చూడు. ఉరుములు అని ఉంటే కనుమ ఎక్కకుండా కింది ఊళ్ళే తిరగండి, నేనేమీ నవ్వను.

బసలో దుప్పట్లు ఇస్తారు గానీ కొన్నిచోట్ల పక్క గుడ్డ మనమే తెచ్చుకోవాలి. సంచిలా కుట్టిన దుప్పట్లు మా దగ్గర రెండున్నాయి. గురువారం ఆరింటికి వచ్చి తీసుకెళ్ళు. ఉతికి ఇవ్వాలి, పోయినసారిలా మడతపెట్టి కాదు.

మీ పిన్ని