ముచ్చట అంటే మాటా, మురిపెమా?

సందేహం: రోజువారీ బతుకు, చదివిన పుస్తకాలు, చుట్టూ ఉన్న సమాజం గురించి పదేళ్ళుగా రాసుకొన్న చిన్న వ్యాసాలను పుస్తకంగా వేస్తూ 'ముచ్చట్లు' అని పేరు పెట్టాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా వియ్యంకులు అది మాండలికమనీ, ముచ్చట అంటే అసలు అర్థం వేడుక అనీ, 'ఇష్టాగోష్ఠి' అని మార్చమనీ అంటున్నారు. ఏది సరి? (ఒక పాఠకులు, మల్కాజిగిరి)

సమాధానం: పేరు మార్చవద్దు. మీ వియ్యంకులు చెప్పిన అర్థం ఉన్నదే కాని, అదొక్కటే అసలు అర్థమనడం సరికాదు. 'మంత్రిగారు విలేకరులతో ముచ్చటించారు' అని అన్ని ప్రాంతాల పత్రికలూ రాస్తాయి. ఆయన వారిని చూసి ముచ్చటపడ్డారని ఎవరూ అనుకోరు. తెలంగాణలో నామవాచకంగా నిత్యం వినిపించే ఆ 'మాట' అన్న అర్థమే శిష్టభాషలో క్రియ రూపంలో నిలిచి ఉంది.

ఈ చిక్కు నాకూ అనుభవమే. హైదరాబాదుకు వచ్చిన కొత్తలో, మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు "మీ తమ్ముని పెండ్లి ముచ్చట ఎందాంక వచ్చింది?" అని అడిగితే, "ముచ్చటేముందమ్మా, రిజిస్టరు ఆఫీసులో సంతకాలే కదా" అని జవాబిచ్చాను. ఆమె అడిగింది సంబంధం మాటలు ఎంతవరకు వచ్చాయని. నేను చెప్పింది బాజాభజంత్రీలు లేవని. కాసేపటిదాకా ఇద్దరికీ ఏమీ పాలుపోలేదు.

నిజానికి ముచ్చటకు అర్థం తేల్చేది చాలాసార్లు దాని పక్కన చేరే క్రియ. ముచ్చట పెట్టడం, చెప్పడం, ముచ్చటలాడడం అంటే మాట. ముచ్చట పడడం, తీరడం, వేయడం అంటే మురిపెం. "పిల్లతో ముచ్చట పెట్టిన", "పిల్లను చూస్తే ముచ్చటేసింది" అన్న వాక్యాలను పక్కపక్కన ఉంచి చూడండి. పుస్తకం పేరులో క్రియ ఉండదు కనుక రెండర్థాలూ నిలుస్తాయి. అది మీకు లాభమే.

ఇక మాండలికమన్న ఆక్షేపణ. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల మాటలను ఊరూరా సేకరింపజేసి 1962లో వెలువరించిన వృత్తిపదకోశపు తొలి సంపుటం ఆధారంగా తెలుగునేలను నాలుగు భాషామండలాలుగా విభజించారు. మనం ప్రామాణికమనే భాష ప్రధానంగా వాటిలో ఒకదాని నుంచి, అంటే కోస్తా నడిమి జిల్లాల నుంచి, ఎదిగినదే. కాబట్టి మాండలికమన్నంత మాత్రాన తప్పు కాబోదు.

వియ్యంకులు సూచించిన పేరులోనే చిన్న దోషముంది. ఇష్ట, గోష్ఠి పదాలు సమాసమైతే 'ఇష్టగోష్ఠి' అవుతుంది. దీర్ఘం వాడుకలో వచ్చి చేరింది. వ్యవహారంలో అంతగా స్థిరపడిన దాన్ని మాటల్లో నేను తప్పుపట్టను కాని, అట్టమీద అచ్చువేయమని సలహా ఇవ్వలేను. పైగా గోష్ఠికి నలుగురు కూర్చోవాలి. ఆవులు చేరే చోటు గోష్ఠం, అక్కడి నుంచి మనుషులు చేరే సభ గోష్ఠి. మీ పుస్తకంలో రాసినవారు ఒక్కరే. వియ్యంకులతో మాత్రం ఈ దీర్ఘం సంగతి కొంచెం మెల్లగా చెప్పండి.

మరొకటి. లోపలి వ్యాసాల్లో 'పెద్దాయన నన్ను మందలించాడు' వంటి వాక్యం ఉంటే ప్రూఫులోనే సరిచూసుకోండి. మీ వైపు అది పలకరింపు, వియ్యంకుల వైపు చీవాట్లు. అక్కడ తేడా ఉన్నది క్రియలోనే కనుక అర్థం తేల్చే పక్కమాట వేరే దొరకదు.