మిషన్ రైల్స్ కింద పోసిన ఎపాక్సీ గట్టిపడలేదు, షాపు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: రావులపాలెంలో నేనూ మా బావమరిదీ గుమ్మాలు, తలుపుల మీద చెక్కుడు పని చేస్తాం. సొంతంగా సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు మిషన్) కట్టుకుంటున్నాం. ఐరన్ ఫ్రేమ్ మీద రైల్స్ (మిషన్ జరిగే పట్టాలు) బిగించే చోటు లెవెల్ చేయడానికి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడే రెజిన్) కావాలని కాకినాడలో ఒక షాపుకి ఫ్రేమ్ ఫొటో పెట్టి వాట్సాప్‌లో అడిగాను. ‘సెల్ఫ్ లెవెలింగ్ ఉంది, పనికొస్తుంది’ అన్నారు. మూడు కిలోలు కొన్నాను. పోసి పది రోజులైనా జిగట పోలేదు, మధ్యలో అలలు. తీరా చూస్తే అది గదుల నేలకు పోసే ఫ్లోరింగ్ రెజిన్. అడిగితే, ‘వానల్లో పోశారు, కలపడం రాలేదు, బిల్లు మీద వాపసు లేదని ఉందిగా’ అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. మీ కేసుకు ప్రాణం ఆ వాట్సాప్ చాట్. దాన్ని డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి.

1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ ఉంది. సరుకు దేనికి కావాలో ముందే చెప్పి, అమ్మేవాడి తెలివిని నమ్మి కొంటే, ఆ పనికి అది తగినట్టుగా ఉండాలన్న షరతు ఎక్కడా రాయకపోయినా ఉన్నట్టే లెక్క. మీరు ఫొటో పెట్టి మరీ అడిగారు, ఆయన పనికొస్తుందన్నాడు. అదే మీరు యూట్యూబ్‌లో చూసి ఫలానా బ్రాండ్ డబ్బా పంపమని పేరు చెప్పి తెప్పించుకుని ఉంటే ఈ సెక్షన్ మీకు దాదాపు అక్కరకు రాదు. మళ్లీ కొనేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. పేరు అడగొద్దు, పని చెప్పండి. ఎంత మందం పోస్తారో రాసి, డేటా షీట్ పంపమనండి.

ఫ్లోరింగ్ రెజిన్‌కీ రైల్స్ కింద పోసేదానికీ తేడా ఏమిటో వినియోగదారుల కమిషన్‌లో అడుగుతారు, సిద్ధంగా ఉండండి. ఫ్లోరింగ్ రకాల్లో చాలావాటిలో ఫిల్లర్ (కలిపే పొడి) ఉంటుంది, చిక్కగా ఉంటాయి. కంటికి చదునుగా కనబడితే గదికి చాలు. రైలుకి మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్క. అందుకే దీనికి ఫిల్లర్ లేకుండా పల్చగా పారేది, నిదానంగా గట్టిపడేది తీసుకుంటారు. రెండు రైల్స్ చోట్లనీ చిన్న కాలవతో కలిపి ఒకేసారి పోస్తారు, రెండూ ఒకే మట్టానికి రావాలని.

ఇక షాపువాళ్ల మాటలో కొంత నిజం ఉండొచ్చు. గాలిలో తేమ ఎక్కువైతే కొన్ని రకాల హార్డెనర్‌తో (రెజిన్‌ని గట్టిపరచడానికి కలిపే రెండో ద్రవం) పైన మైనంలాంటి జిగట పొర వస్తుంది. కోనసీమ వానాకాలం గాలి సంగతి మీకు నేను చెప్పాలా! బెత్తెడు చోట గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిచి చూడండి, ఆ పని వీడియో తీయండి. జిగట పోయి కింద గట్టిగా ఉంటే అది తేమ పని, ఆ ఒక్క ఆరోపణ వదిలేయండి. అలలు ఎలాగూ మిగులుతాయి. గోరు దిగుతుంటే రెజిన్ పూర్తిగా గట్టిపడలేదన్నమాట. అప్పుడు అవతలి లాయరు మొదట అడిగేది, తూకం వేసి కలిపారా, గ్లాసుతో కొలిచారా అని. డబ్బా మీద బరువు లెక్క ఉండి మీరు గ్లాసుతో కొలిచి ఉంటే, నాకు ఇప్పుడే చెప్పండి. అంచుల దగ్గర పైకి పాకిన భాగాన్ని మాత్రం ఫిర్యాదులో రాయకండి, ఏ రెజిన్‌కైనా అది తప్పదు.

‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అన్న ముద్ర చూసి టెన్షన్ పడక్కర్లేదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పోసేసిన సరుకు తిరిగివ్వలేరు, నిజమే. నష్టపరిహారం అడిగే హక్కు దాంతో పోదు.

వ్యాపారానికి కొన్నారు, వినియోగదారు కారు అని వాదిస్తారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నది వాణిజ్య అవసరం కిందికి రాదని చట్టమే చెబుతోంది. ఒకరిద్దరు సహాయకులున్నంత మాత్రాన ఆ హక్కు పోదని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బావమరిది ఉన్నాడని భయం లేదు. పది మందికి జీతాలిచ్చే వర్క్‌షాప్ అయితే సివిల్ కోర్టుకి వెళ్లమనేవాణ్ణి.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, 15 రోజులు గడువు పెట్టండి. చాలామంది అక్కడే దారికొస్తారు. రాకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు. షాపు కాకినాడలో ఉన్నా మీరు ఉండే చోటే వేయొచ్చు. సరుకు ఖరీదు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. చాట్ ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ కూడా జతచేద్దాం.

రెజిన్ ఖరీదు, ఫ్రేమ్ గీకించే కూలి అడగండి. పెళ్లిళ్ల సీజన్‌లో చేజారిన తలుపుల ఆర్డర్ల డబ్బు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఆ ఆర్డర్ల సంగతి కొనేటప్పుడు షాపుకి చెప్పి ఉంటే తప్ప అది నిలబడడం కష్టం.

రెజిన్, హార్డెనర్ రెండు డబ్బాల్లో మిగిలినది మూత బిగించి, బ్యాచ్ నంబరు చెరగకుండా దాచండి. కమిషన్ శాంపిల్‌కి సీలు వేసి ల్యాబ్‌కి పంపవచ్చు, ఆ ఫీజు ముందు మిమ్మల్ని కట్టమనవచ్చు. అప్పటిదాకా ఫ్రేమ్‌కి గ్రైండర్ పెట్టకండి.